అనకుండా దాచిన ఆఖరి మాట

మంగళవారం పొద్దున పది దాటినా మ్యూరియల్ ట్రెవిస్ పడగ్గది తలుపు తెరుచుకోలేదు.

గది ముందు నేల మీద మూడు కప్పుల టీ వరసగా చల్లారిపోయి ఉంది. మొదటి కప్పు ఆవిడ భర్త సెసిల్ ఏడింటికి పెట్టాడు. రెండోది నెల్ పెట్టింది. మూడోది కూతురు ఆడ్రీ పెట్టి, తలుపు రెండుసార్లు తట్టి, జవాబు రాకపోయేసరికి కిందికి దిగొచ్చింది.

"తలుపు పగలగొట్టమంటావా?" అన్నాడు సెసిల్, వంటింటి బల్ల దగ్గర కూర్చుని పొగబెట్టిన చేపలోంచి ముళ్ళు ఏరుకుంటూ.

"ఆ మోకాళ్ళతోనా నాన్నా?"

"తలుపులు మోకాళ్ళతో పగలగొట్టరే. భుజంతో కొడతారు. ముప్ఫై ఏళ్ళపాటు రోజుకి రెండుసార్లు స్టేజీ మీద తలుపు గుద్దుకుని పడి జనాన్ని నవ్వించినవాణ్ణి నేను. తలుపుల సంగతి నాకు చెప్పకు."

"అవి అట్ట తలుపులు," అంది నెల్.

నెల్ పాచెట్ ఈ ఇంటి మనిషి కాదు. అలాగని పరాయిదీ కాదు. ఇరవై ఆరేళ్ళుగా థియేటర్లో మ్యూరియల్‌కి బట్టలు తొడిగి, జుట్టు దువ్వి, స్టేజీ మీదకి పంపే మనిషి. నిన్న రాత్రి మ్యూరియల్‌ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది, ఇక తన ఇంటికి పోలేదు. పొద్దుటినుంచీ బంగాళాదుంపల చెక్కు తీస్తూనే ఉంది. ఇంట్లో ఉన్నది నలుగురు, గిన్నెలో తేలుతున్న దుంపలు నలభై దాకా ఉన్నాయి.

నిన్న కొత్త నాటకం మొదటి ఆట. సొంత ఊరు బ్రైటన్‌లో వారం ఆడి, ఆపైన లండన్ తీసుకెళ్ళాలి. రెండున్నర గంటలసేపు మ్యూరియల్ జనాన్ని కదలనివ్వలేదు. చివరి ఘట్టంలో, ఇల్లు అమ్మేసుకున్న ముసలమ్మగా, దీపం బల్ల మీద పెట్టి తలుపు దాకా నడిచి, వెనక్కి తిరిగి, మొత్తం నాటకానికి ఆఖరి మాట అనాలి. నడిచింది. తిరిగింది. నోరు పెగల్లేదు. అలాగే నిలబడిపోయింది. తెర పడింది. చప్పట్లు కొట్టాలో వద్దో తెలీక జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నలభై రెండేళ్ళలో ఒక్క మాట తప్పని మనిషి. యుద్ధం రోజుల్లో థియేటర్ పక్కన బాంబులు పడుతున్నా వాక్యం పూర్తి చేసి మరీ కిందికి దిగిన మనిషి. ఇంటికొచ్చి, "అంతా తుడిచిపెట్టుకుపోయింది సెసిల్, అమ్మకి పోయినట్టే," అని ఒక్క మాట అని గడియ పెట్టుకుంది.

వీధి గుమ్మం గంట మోగింది. పక్కింటి మిసెస్ డాబ్నీ. చేతిలో మూత పెట్టిన గిన్నె.

"గుడ్లూ పాలూ వేసి కాచాను. మెత్తగా ఉంటుంది," అంది గొంతు తగ్గించి. "మీ అమ్మగారికి ఎలా ఉంది? గుర్తు పడుతున్నారా?"

"బాగానే ఉంది మిసెస్ డాబ్నీ."

"మా మరిదికీ ఇలాగే. ముందు పేర్లు పోయాయి. తర్వాత బొత్తాలు పెట్టుకోవడం మర్చిపోయాడు."

ఆడ్రీ గిన్నె అందుకుని తలుపు వేసేసింది. లోపల సెసిల్ మూత ఎత్తి చూశాడు. "ఇంట్లో ఎవరైనా పోతేనే కదా ఇది పంపుతారు. ఎవరు పోయారు?"

ఎవరూ నవ్వలేదు. నవ్వకపోతే సెసిల్‌కి ప్రాణం పోయినట్టుంటుంది. ఆయన మళ్ళీ ముళ్ళు ఏరుకోవడంలో పడ్డాడు.

ఆడ్రీ ఒక సంగతి పొద్దుటినుంచీ దాస్తోంది. తొమ్మిదింటికి రొట్టె తెస్తానని చెప్పి బయటికెళ్ళి, వీధి చివర ఎర్ర టెలిఫోన్ పెట్టెలో దూరి, దర్శకుడు హ్యూ లాంగ్డన్‌కి ఫోన్ చేసింది. అమ్మ ఈ పూట రాదని చెప్పింది. ఈ పూటే కాదు, ఇక ఎప్పటికీ రాదని చెప్పింది. అతను మిస్ క్రేన్‌ని రెండింటికి రిహార్సల్‌కి పిలుస్తానన్నాడు. మిస్ క్రేన్ అంటే, మ్యూరియల్ మంచాన పడితే ఆ వేషం కట్టడానికి పెట్టుకున్న నటి. వేషం నోటికి నేర్చుకుని నాలుగు వారాలుగా పక్కన కూర్చుని ఉంది.

తప్పు చేశానని ఆడ్రీ అనుకోలేదు. ముప్ఫై ఆరేళ్ళ ఆడది, బళ్ళో లెక్కల టీచరు, ఆలోచించకుండా ఏ పనీ చెయ్యదు. అమ్మమ్మకి మతి పోతున్న రోజుల్లో ఈ ఇంట్లో ఉన్నది తను. అది ఎలా మొదలవుతుందో, ఎక్కడిదాకా పోతుందో కళ్ళారా చూసింది. అమ్మని నలుగురి ముందు మరోసారి అలా నిలబెట్టడం ఆమెకి ఇష్టం లేదు. అంతే. కానీ ఇంట్లో ఎవరికీ మాత్రం చెప్పలేదు.

మళ్ళీ మెట్లెక్కింది. చల్లారిన కప్పుల పక్కన నేల మీద కూర్చుంది.

"అమ్మా. కొంచెం ఏదైనా తిను."

"అడుగు," అంది లోపలినుంచి గొంతు.

"ఏం అడగాలి?"

"పరీక్ష పెట్టడానికే కదా వచ్చావు. నా పేరేంటో అడుగు. దేశానికి రాణి ఎవరో అడుగు. ఇవాళ ఏ వారమో అడుగు. ఉప్పూ పంచదారా తీసుకొచ్చి ఏది ఏదో చెప్పమను."

ఆడ్రీకి మొహం వేడెక్కింది. "ఉప్పు సంగతి నీకు గుర్తుందన్నమాట."

"నువ్వే రాశావు. అమ్మ టీలో రెండు చెంచాల ఉప్పు వేసుకుని తాగుతోందని."

"ఉత్తరం అందింది. మనిషే రాలేదు."

లోపల మంచం కిర్రుమంది. ఆడ్రీ పదకొండేళ్ళుగా మింగుకున్నది ఇక మింగలేకపోయింది.

"యుద్ధంలో ఆ రెండేళ్ళూ నువ్వు సినిమాల్లో ముగ్గురు పైలట్లకి తల్లివయ్యావు. ముగ్గురూ పోయారు. ముగ్గురి కోసం ఏడ్చావు. దేశమంతా నీతోపాటు ఏడ్చింది. ఇక్కడ అమ్మమ్మ రోజూ సాయంత్రం కోటు వేసుకుని స్టేషన్‌కి బయలుదేరేది. మ్యూరియల్ రైలు దిగుతుందని. గుమ్మానికి అడ్డం నిలబడేదాన్ని. నన్నే మ్యూరియల్ అని పిలిచేది. ఏం చెయ్యను, పలికేదాన్ని."

బయట సముద్రపు కాకులు ఇంటి కప్పు మీద పోట్లాడుకుంటున్నాయి.

"ఒకసారి వచ్చాను," అంది మ్యూరియల్.

"ఎప్పుడు?"

"నువ్వు రేషన్ వరసలో ఉన్నావు. స్టూడియోవాళ్ళని అడిగి ఒక్క పూట సెలవు తీసుకుని వచ్చాను. అమ్మ తలుపు తీసి, ఎవరండీ మీరు, మా అమ్మాయి బజారుకెళ్ళింది, వచ్చేస్తుంది, కూర్చోండి అంది. టీ ఇచ్చింది. పరాయివాళ్ళకి ఇచ్చినట్టు, మంచి కప్పులో."

"ఉప్పు టీ?"

"ఉప్పు టీయే. మొత్తం తాగాను. బాగుందండీ అని చెప్పి వెళ్ళిపోయాను. మళ్ళీ రావడానికి కాళ్ళు రాలేదు. భయమేసింది ఆడ్రీ. పని ఉండి కాదు. భయమేసి రాలేదు."

ఆడ్రీ మోకాళ్ళ మీద తల ఆనించింది. కోపం ఉండవలసిన చోట కోపం దొరకలేదు. ఇన్నేళ్ళు తను మోసింది వేరే కథ.

"చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నిన్న తెర పడ్డాక అక్కడ నిలబడ్డప్పుడు ఆ మంచి కప్పే గుర్తొచ్చింది."

మెట్ల మీద సెసిల్ ఆయాసం వినపడింది. ఒక్కో మెట్టుకీ ఒక్కో మూలుగు. చేతిలో నాటకం రాత ప్రతి. కూతురి పక్కన నేల మీదకి దిగడానికి ఆయనకి రెండు నిమిషాలు పట్టింది. కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, మధ్యలోంచి పెద్దగా చదవడం మొదలుపెట్టాడు.

"'అమ్మా, బండి వచ్చింది. సామాను ఎక్కించమంటావా?'"

తలుపుకి చెవి ఆనించాడు.

"'ఎక్కించు నాయనా, కుర్చీ మాత్రం ఉంచెయ్,'" అని ఆయనే ఆడగొంతు పెట్టి చదివాడు. "'నాకు కుర్చీ అంటే చాలా ఇష్టం.'"

"అలా లేదు," అంది మ్యూరియల్ తలుపు వెనకనుంచి.

"ఇక్కడ అలాగే ఉంది."

"లేదు. 'కుర్చీ చివర ఎక్కించు. వాళ్ళొచ్చేదాకా కూర్చోవాలి.' అదీ మాట. బండి కూడా కాదు, లారీ. దానికి ముందు కొడుకు హెరాల్డ్ టోపీ తీసి దులుపుతాడు."

ఆడ్రీ తండ్రి చేతిలోని కాగితాల్లోకి వంగి చూసింది. అక్షరం పొల్లు పోలేదు. సెసిల్ ఆమెకి కన్ను గీటాడు. పేజీలు వెనక్కి తిప్పి, మొదటి అంకంలో పోస్టుమాను మాట ఒకటి కావాలనే తప్పు చదివాడు. లోపలినుంచి దిద్దుబాటు వచ్చింది. కోడలి మాట తప్పు చదివాడు. అదీ వచ్చింది. ఇంకో పది నిమిషాలకి ఆయన చదవనవసరం లేకపోయింది. మ్యూరియల్ తన వేషం, కొడుకు వేషం, కోడలి వేషం, రెండు వాక్యాల వకీలు వేషం, అన్నీ తనే చెప్పుకుంటూ పోతోంది. ఆడ్రీ వేలు వరస వెంట పరుగెత్తుతోంది. నెల్ తడిచేతులతో వచ్చి పై మెట్టు మీద నిలబడింది.

"ఆగు, ఆగు," అన్నాడు సెసిల్. "మన పెళ్ళయిన ఏడాది, లీడ్స్‌లో, నువ్వు వేసిన నర్సు వేషం. మూడో అంకంలో ఏమంటావు?"

చెప్పింది. దాంతోపాటు, ఆ రాత్రి సెసిల్ తెర వెనక తుమ్మి తన ఏడుపు సీను పాడుచేశాడని కూడా చెప్పింది.

"నాకే గుర్తులేదు," అన్నాడు సెసిల్. "గడియ నేను పెట్టుకోవాలి. నువ్వు బయటికి రా."

ఆడ్రీ కళ్ళలోంచి నీళ్ళు కాగితం మీద పడ్డాయి. తుడుచుకోలేదు. అమ్మమ్మకి ఇది చేతనయ్యేది కాదు. అమ్మమ్మకి ఉదయం తిన్నది మధ్యాహ్నానికి ఉండేది కాదు. గుండె మీదనుంచి ఎవరో బరువు దించినట్టయింది. వెంటనే టెలిఫోన్ పెట్టె గుర్తొచ్చింది.

"చివర చూద్దాం," అంది, గొంతు సరిచేసుకుని. "చివరి పేజీ."

"దీపం బల్ల మీద పెడతాను," అంది మ్యూరియల్. గొంతు మారిపోయింది. "తలుపు దాకా నడుస్తాను. తిరుగుతాను."

ఆగింది.

"చూశారా?" అంది చివరికి, చిన్నగా. "అక్కడికొచ్చేసరికి గోడ. ఏమీ లేదు. నిన్నా ఇంతే."

సెసిల్ కళ్ళజోడు తీసేశాడు. నెల్ మాత్రం చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంటూ నుదురు చిట్లించి ఏదో లెక్కపెట్టుకుంటోంది.

"మేడమ్, ఆ మాట మీరు ఎప్పుడైనా అన్నారా?"

"ఏమిటి నెల్ ఆ ప్రశ్న?"

"నోటితో అన్నారా అని. బయటికి."

"ఎలా అంటాను? ఎదురుగా జనం లేకుండా ఆఖరి మాట అంటే నాటకం నిలుస్తుందా?"

"అదే కదా నేననేది."

స్టేజీ మీద పుట్టి పెరిగినవాళ్ళ పట్టింపు అది. నాటకంలో ఆఖరి మాట రిహార్సల్లో ఎవరూ పలకరు. ఖాళీ కుర్చీల ముందు పలికితే ఆ నాటకం వారం తిరక్కుండా మూతపడుతుందని భయం. మ్యూరియల్‌కి ఆ భయం పద్దెనిమిదో ఏట పట్టుకుంది, వదల్లేదు. హ్యూ లాంగ్డన్ కొత్త తరంవాడు, నవ్వాడు, బతిమాలాడు, చివరికి మీ ఇష్టమన్నాడు.

"పాత నాటకాల్లో అయితే ఎప్పుడో చదువుకున్నవి, విన్నవి, నోట్లో ఉండేవి," అంది నెల్. "ఇది కొత్తది. పైగా ఆ మాట రచయిత రిహార్సళ్ళు మొదలయ్యాకే మార్చాడు. మీరు కాగితం మీద చూశారు, అంతే. నాలుగు వారాలు రోజూ ఏం చేశారు? దీపం పెట్టారు, నడిచారు, తిరిగారు, ఊరుకున్నారు. ఊరుకుని, తెర లాగే అమ్మాయికి తల ఊపారు. ఆ అమ్మాయి తెర దించేది. నాలుగు వారాలు మీరు సాధన చేసింది ఊరుకోవడమే మేడమ్. నిన్న అదే చేశారు. పక్కనుంచి మాట అందించడానికి కూర్చున్న పిల్ల కూడా అందుకే అందించలేదు. ఆమె పుస్తకంలో అక్కడ మీరు ఎప్పుడూ ఊరుకునేవారే."

"కానీ నేను నిన్న తల ఊపలేదు. ఊపానా?"

"ఊపావు," అంది ఆడ్రీ. "నేను చూశాను. అటు తిరిగి చిన్నగా ఊపావు. వెంటనే తెర పడింది."

అన్నాకగాని తనేం అందో ఆమెకి తెలియలేదు.

లోపల అడుగుల చప్పుడు. గడియ తీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. మ్యూరియల్ నిన్నటి గౌనులోనే ఉంది, మొహాన సగం మేకప్ అలాగే ఉంది, జుట్టు ఒక పక్కకి ఒరిగిపోయింది. కూతురికేసి చూసింది.

"నువ్వెక్కడ చూశావు?"

అమ్మమ్మ పోయాక ఆడ్రీ అమ్మ నాటకం ఒక్కటి చూడలేదు. పిలిస్తే పరీక్ష పేపర్లు దిద్దాలనేది. సినిమా వస్తే ఊళ్ళో హాలు ఉన్న వీధిలోంచి కూడా నడిచేది కాదు. ఇదంతా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఆమె లేచి, గోడకి తగిలించిన కోటు జేబులో చెయ్యి పెట్టి, చింపిన టికెట్ ముక్క తీసి అమ్మ అరచేతిలో పెట్టింది.

"పై గ్యాలరీలో, స్తంభం వెనక. నువ్వు చూడకూడదని."

"ఎన్నాళ్ళుగా?"

"నిన్ననే. నెల్ రోజూ ఈ వేషం గురించి చెప్తుంటే ఉండలేకపోయాను. పక్కన కూర్చున్నావిడ, పాపం వయసైపోయింది అంది. చెంప పగలగొట్టాలనిపించింది."

మ్యూరియల్ ఆ కాగితం ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. పత్రికల్లో వచ్చిన పొగడ్తలు ఏవీ ఆవిడ దాచుకోదు. ఈ ముక్కని మాత్రం మడిచి గౌను లోపలికి తోసుకుంది.

"టికెట్ కొన్న మనిషి ఉంటే జనం ఉన్నట్టే మేడమ్," అంది నెల్. "తప్పు లేదు. ఒక్కరున్నా ఆట ఆడాం మనం, వరదల ఏడాది గుర్తుందా?"

"సెసిల్, ఆ కప్పుల పక్కనుంచి తప్పుకో."

"నేను లేవడానికి సాయంత్రమవుతుంది. నువ్వు నా చుట్టూ నటించు."

మ్యూరియల్ చల్లారిన టీ కప్పు ఒకటి దీపంలా రెండు చేతులా పట్టుకుని కిటికీ గట్టు మీద పెట్టింది. మెట్ల దాకా నడిచింది. తిరిగింది. ఒరిగిపోయిన జుట్టుతో, చెరిగిన రంగుతో, అయినా ఆ నడవాలో ఇంకెవరూ లేనట్టు ఆడ్రీ మొహంలోకి చూసింది. పెదాలు ఒకసారి కదిలి ఆగాయి.

"తలుపేసుకో తల్లీ, చలిగాలి," అంది. "దారి నాకు తెలుసు."

ఆడ్రీ రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టబోయింది, కొట్టలేక అమ్మని పట్టుకుంది. మ్యూరియల్ ఒళ్ళు వణుకుతోంది. ఏడుస్తోందనుకుంది. నవ్వుతోంది.

"నా నోరు మూయించింది నా పట్టింపే," అంది. "నెల్, ఆకలేస్తోంది. ఏముంది?"

"బంగాళాదుంపలున్నాయి మేడమ్. చాలా ఉన్నాయి."

వంటింట్లో ఆవిడ తిన్న తిండికి సెసిల్ కుర్చీ వెనక్కి జరుపుకుని చూస్తూ కూర్చున్నాడు. ఉడికించిన దుంపలు వెన్న వేసుకుని తింది. చేప తింది. మిసెస్ డాబ్నీ గిన్నె ముందుకి లాక్కుని అందులోనే చెంచా వేసి, ఎవరు పోయారని పంపిందిది అని అడిగింది. సెసిల్ పకపకా నవ్వాడు. తన హాస్యం తన పెళ్ళాం నోట పండినందుకు ఆయనకి అసూయ కూడా వేసింది. రాత్రినుంచీ మొదటిసారి ఆ ఇంట్లో నలుగురూ ఒకేసారి మాట్లాడారు. ఆడ్రీ ఒక్కతే మధ్యలో ఆగిపోయింది.

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది.

"అమ్మా. నేనొక పని చేశాను."

చెప్పేసింది. టెలిఫోన్ పెట్టె, హ్యూ, రెండింటికి మిస్ క్రేన్. సెసిల్ మొహం చప్పున వాడిపోయింది. నెల్ చేతిలో గిన్నె బల్ల మీద పెట్టేసింది.

మ్యూరియల్ చెంచా కింద పెట్టలేదు. "సరిగ్గా ఏమన్నావు? అన్న మాట అన్నట్టు చెప్పు."

"ఒంట్లో బాలేదన్నాను."

"అంతేనా?"

"మా అమ్మమ్మకీ ఇలాగే మొదలైందన్నాను. ఇక ఆవిడకి ఏదీ గుర్తుండదన్నాను."

అప్పుడు పెట్టింది చెంచా. ఒంట్లో బాలేకపోతే నటి రేపు లేస్తుంది. గుర్తుండదన్న పేరొస్తే మళ్ళీ లేవదు. లండన్ పోతుంది. శరత్కాలంలో మొదలు కావలసిన సినిమా పోతుంది. ఈ సంగతి ఆ బల్ల చుట్టూ ఉన్న నలుగురిలో ఆడ్రీకి తప్ప అందరికీ పుట్టుకతో తెలుసు. ఆడ్రీకి ఇప్పుడు తెలిసింది.

"కోపం రాలేదా?" అంది, తల ఎత్తకుండా.

"వచ్చింది. బాగా వచ్చింది. రాత్రి ఆట అయ్యాక పడతాను నీ మీద, ఇప్పుడు వ్యవధి లేదు," అంది మ్యూరియల్. లేచి నిలబడింది. "నెల్, మొహం కడగాలి. నీలం టోపీ తియ్యి. ఆడ్రీ, నువ్వు కోటు వేసుకో."

సముద్రం వెంట ఎదురుగాలిలో ముగ్గురాడవాళ్ళూ నడిచారు. సెసిల్ గుమ్మంలో నిలబడి, ఎవరినైనా గుద్దాల్సొస్తే తనని పిలవమన్నాడు. దారిలో మాంసం కొట్టాయన మ్యూరియల్‌ని చూసి జాలిగా టోపీ ఎత్తాడు. ఆవిడ ఆగి, రేపటికి మూత్రపిండాలు రెండు అట్టే పెట్టమని, నిన్నటివాటి కంటే లేతవి కావాలని చెప్పింది. ఆయన జాలి అక్కడికక్కడే ఎగిరిపోయింది. ఆడ్రీకి నవ్వొచ్చింది, ఆపుకుంది.

థియేటర్ వెనక గుమ్మం దగ్గర కాపలా ఉండే ముసలి టబ్స్ వీళ్ళని చూసి కుర్చీలోంచి లేచాడు. ఆయన వెనక పలక మీద మేకప్ గదుల తాళంచెవులు వేలాడుతుంటాయి. మ్యూరియల్ గదిది, ఒకటో నంబరు కొక్కెం ఖాళీగా ఉంది.

"మిస్ క్రేన్ తీసుకున్నారమ్మగారూ," అన్నాడు నేల చూపులు చూస్తూ. "మీరు ఇక రారని చెప్పారు."

లోపలినుంచి మాటలు వినపడుతున్నాయి. మిస్ క్రేన్ గొంతు, స్పష్టంగా, కుర్రగా. కష్టమైన చోటనుంచే మొదలుపెడదామని హ్యూ చివరి ఘట్టం పట్టుకున్నట్టున్నాడు. దీపం బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగులు. తర్వాత ఆ ఖాళీ హాల్లోకి, తడుముకోకుండా, గట్టిగా ఆమె అనేసింది.

"తలుపేసుకో తల్లీ, చలిగాలి. దారి నాకు తెలుసు."

టబ్స్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నెల్ కీడు తగలకుండా చెక్క గుమ్మాన్ని చేత్తో తాకింది. పొద్దున నడవాలో విన్న మాటే అది. ఇక్కడ వింటే ఎవరో తలుపు వెయ్యమన్నట్టు మాత్రమే ఉంది.

"అనేసింది," అంది మ్యూరియల్ నెమ్మదిగా. కోపం లేదు ఆ గొంతులో. "పాపం, ఆ పిల్లకి ఎవరూ చెప్పినట్టు లేదు." చేతి సంచీ కూతురికి అందించి, చీకటి సందులోంచి స్టేజీ వైపు చూపించింది. "నడువు."

"నేనా?"

"చెప్పింది నువ్వు. కాదని చెప్పాల్సిందీ నువ్వే. నేను చెప్తే ముసలిది బుకాయిస్తోందనుకుంటారు. నేను నీ వెనకే ఉంటాను."

ఆడ్రీ జీవితంలో ఎప్పుడూ స్టేజీ మీద కాలు పెట్టలేదు. చిన్నప్పుడు బళ్ళో నాటకం వేస్తామంటే జ్వరం తెచ్చుకున్న పిల్ల. పక్క తెర దాటి వెలుగులోకి వచ్చేసరికి ఎదురుగా మనుషులున్నారో లేరో కనపడలేదు. మిస్ క్రేన్ దీపం దగ్గర ఆగిపోయింది. కింద చీకట్లోంచి హ్యూ లేచి నిలబడ్డట్టున్నాడు.

"మ్యూరియల్ గారి అమ్మాయా? ఏమిటండీ, ఏం జరిగింది?"

దారంతా కూర్చుకున్న వాక్యాలు మూడు. మొదటిది ఎలా మొదలవుతుందో వెతికింది. లేదు. రెండోదీ లేదు. బళ్ళో నలభైమంది పిల్లల ముందు గంటలకొద్దీ మాట్లాడే మనిషి, సంచీ రెండు చేతులా పట్టుకుని నోరు తెరిచి అలాగే నిలబడింది. ఇదా అమ్మ నిన్న నిలబడ్డ చోటు, అనుకుంది.

వెనక, పక్క తెర చాటునుంచి, ఎదురుగా ఉన్నవాళ్ళకి వినపడనంత సన్నగా, ఆమెకి మాత్రం ప్రతి అక్షరం అందేలా, అమ్మ గొంతు మాట అందించింది.

"'పొద్దున నేను చెప్పింది తప్పు.' అను తల్లీ. అక్కణ్ణుంచి నీకే వస్తుంది."